వెన్నెముక లోపలికి పాకిన న్యూరోబ్లాస్టోమా: ముందు కీమోనా, ముందు ఆపరేషనా?

రేపల్లె_నాన్న
అందరికీ నమస్కారం. టెన్షన్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మా పాపకి పద్నాలుగో నెల. మొన్నటిదాకా మంచం కోడు పట్టుకుని చుట్టూ తిరిగేది, ఉన్నట్టుండి నిలబెడితే కూలబడిపోవడం మొదలైంది. విరోచనం సరిగ్గా అవట్లేదు, ఎత్తుకుంటే ఏడుపు. పళ్ళు వస్తున్నాయిలే అన్నారు, కాల్షియం సిరప్ ఇచ్చారు. చివరికి ఎంఆర్ఐ తీస్తే ఛాతీలో వెనక వైపు, ఎడమ పక్కన గడ్డ, అది డి8 నుంచి డి11 దాకా (ఛాతీ వెనక 8 నుంచి 11వ పూస వరకు) పూసల సందుల్లోంచి లోపలికి వెళ్ళి వెన్నుపామును పక్కకి నెట్టేసిందట. మూత్రంలో వీఎంఏ బాగా ఎక్కువ, ఇలాంటి గడ్డలుంటే పెరిగే పదార్థమట. సూదితో ముక్క తీశారు, న్యూరోబ్లాస్టోమా అని వచ్చింది, చిన్నపిల్లలకి వచ్చే ఒక రకం నరాల క్యాన్సరట. ఎన్-మిక్ అని ఇంకో రిపోర్టు రావాలి, గడ్డ ఎంత దూకుడుదో చెప్పే జన్యువు పరీక్షట.
ఇప్పుడు న్యూరో సర్జన్ గారేమో పూసలు వెనక నుంచి తెరిచి ఒత్తిడి తీసేద్దాం, లేటు చేయొద్దు అంటున్నారు. పిల్లల క్యాన్సర్ డాక్టరమ్మేమో ఆపరేషన్ వద్దు, స్టెరాయిడ్ ఈ రాత్రికే మొదలుపెట్టి పొద్దున్నే కీమో ఎక్కిద్దాం అంటోంది. పాప కాళ్ళు కదుపుతోంది కానీ బరువు మోపట్లేదు. ఇద్దరూ పెద్ద డాక్టర్లే, ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇది దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

మానుకోట_అమ్మ
అన్నా, ముందొక మాట. ఇక్కడ జవాబులు వచ్చేదాకా ఆగొద్దు. ఇద్దరు డాక్టర్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోన్లోనైనా సరే. వాళ్ళు వేరువేరుగా మీకు చెప్పి, మీరు మధ్యలో కబుర్లు మోయడం కాదు. మా బాబు కథ తర్వాత రాస్తా, వాడికి అచ్చం ఇదే.

సందేహాల_రావు
నా డౌటు ఒకటే. గడ్డ నరాన్ని నొక్కుతోంది అంటే తీసేయడమే కదా దారి? కీమో ఎక్కి, అది పనిచేసి, గడ్డ కరిగేలోపు కాళ్ళు పడిపోతే? కామన్ సెన్స్ ప్రకారం సర్జన్ చెప్పిందే కరెక్ట్ అనిపిస్తోంది.

పిల్లలవార్డు_డాక్టర్
రేపల్లె నాన్న గారూ, నేను పిల్లల క్యాన్సర్ విభాగంలోనే పనిచేస్తాను. మీ పాప స్కాన్ నేను చూడలేదు కాబట్టి ఇది చేయండి అని చెప్పను, కానీ ఆ ఇద్దరూ ఎందుకు రెండు రకాలుగా చెబుతున్నారో వివరించగలను.

న్యూరోబ్లాస్టోమా సింపథెటిక్ నరాల కణాల్లోంచి పుడుతుంది. ఈ నరాల గొలుసు వెన్నెముకకి రెండు పక్కలా మెడ నుంచి కటి దాకా ఉంటుంది, అందుకే గడ్డ కిడ్నీ మీది అడ్రినల్ గ్రంథిలో రావచ్చు, ఛాతీ వెనక రావచ్చు, కటిలో రావచ్చు. పూసల మధ్య నుంచి నరాలు బయటికి వచ్చే చిన్న సందులు ఉంటాయి కదా, గడ్డ ఆ సందుల్లోంచి లోపలికి పాకుతుంది. బయట ఒక ముద్ద, లోపల ఒక ముద్ద, మధ్యలో సన్నగా ఉంటుంది కాబట్టి డంబెల్ ట్యూమర్ అంటాం. న్యూరోబ్లాస్టోమా వచ్చిన పిల్లల్లో నూటికి 10 నుంచి 15 మందిలో ఇలా లోపలికి వెళ్తుంది, వాళ్ళందరికీ కాళ్ళ బలహీనత రాదు. లోపలికి వెళ్ళిన గడ్డ కూడా చాలావరకు వెన్నుపాము పైపొర బయటే ఉండి పామును నొక్కుతుంది, పాములోకి చొచ్చుకుపోదు. ఇది మంచి విషయం, ఎందుకంటే ఒత్తిడి తగ్గితే పాము కోలుకునే అవకాశం ఉంటుంది.

రావు గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. పెద్దవాళ్ళలో క్యాన్సర్ వెన్నులోకి వస్తే ఆపరేషన్ లేదా రేడియేషన్ అనే మాట వెంటనే వస్తుంది, న్యూరో సర్జన్లు రోజూ చూసేది ఆ కేసులే. చిన్నపిల్లల న్యూరోబ్లాస్టోమా తీరు వేరు. కీమోకి చాలా త్వరగా లొంగుతుంది, కొందరు పిల్లల్లో కొన్ని రోజుల్లోనే కాళ్ళలో కదలిక మెరుగుపడటం చూస్తాం. ఇటలీ డాక్టర్లు 2001లో ఒక రిపోర్టు ప్రచురించారు, వెన్నుపాము నొక్కుకుపోయిన లక్షణాలతో వచ్చిన 76 మంది పిల్లలు. కొందరికి పూసలు తెరిచారు, కొందరికి కీమో ఇచ్చారు, తక్కువ మందికి రేడియేషన్ ఇచ్చారు. నరాలు కోలుకోవడంలో మూడింటికీ పెద్ద తేడా కనపడలేదు. తర్వాత వెన్ను వంకర మాత్రం పూసలు తెరిచినవాళ్ళలో ఎక్కువ. అన్నిటికన్నా తేడా తెచ్చింది వైద్యం మొదలయ్యే నాటికి కాళ్ళు ఎంత బలహీనపడ్డాయి, ఎన్నాళ్ళుగా బలహీనంగా ఉన్నాయి అనేది.

అందుకే చాలాచోట్ల ఇప్పుడు కీమోతోనే మొదలుపెడతారు. ఆపరేషన్ ముందు అనే సందర్భాలు లేకపోలేదు. గంటగంటకీ కాళ్ళు పడిపోతుంటే, కీమో ఎక్కాక కూడా దిగజారుతుంటే, లేదా గడ్డ కీమోకి లొంగని రకం అయితే (గాంగ్లియోన్యూరోమా లాంటివి నెమ్మదిగా పెరిగేవి, వాటికి కీమో పనిచేయదు) సర్జనే దిక్కు. కాబట్టి రేపు పొద్దున మీరు అడగాల్సింది ఇది: నిన్నటికీ ఇవాళ్టికీ కాళ్ళ బలం తగ్గిందా, అలాగే ఉందా? కీమో మొదలుపెడితే ఎన్ని గంటలకొకసారి కాళ్ళు చూస్తారు? దిగజారితే అర్ధరాత్రి అయినా ఆపరేషన్‌కి సర్జన్ సిద్ధంగా ఉంటారా?

సందేహాల_రావు
డాక్టరు గారూ, అర్థమైంది. మరి స్టెరాయిడ్ ఎందుకు? అది చిన్నపిల్లలకి మంచిది కాదంటారు కదా.

పిల్లలవార్డు_డాక్టర్
నొక్కుకుపోయిన చోట వెన్నుపాము వాస్తుంది, ఆ వాపు తగ్గడానికి డెక్సామెథసోన్. కొన్నాళ్ళే ఇస్తారు. ఒక జాగ్రత్త ఉంది, గడ్డ ఏదో తెలియకముందే స్టెరాయిడ్ ఇస్తే, అది లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అయిన పక్షంలో కణాలు చచ్చిపోయి బయాప్సీలో ఏమీ తేలకపోవచ్చు. వీళ్ళకి బయాప్సీ అయిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు. బయాప్సీ కాకపోయినా పిల్లకి కాళ్ళు పడిపోతుంటే స్టెరాయిడ్ ఆపరు, ముక్క తీయడాన్నే తొందరపెడతారు.

మానుకోట_అమ్మ
ఇప్పుడు రాస్తున్నా. మా వాడికి ఏడాది నిండకముందే బయటపడింది, ఇప్పుడు రెండో తరగతి. మేం మొదట వెళ్ళిన చోట పిల్లల క్యాన్సర్ డాక్టరే లేరు. న్యూరో సర్జన్ ఒక్కరే ఉన్నారు, ఆయన తనకి తెలిసింది చేశారు, నాలుగు పూసల వెనక భాగం తీసేశారు. కాళ్ళు వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నడుస్తాడు, పరుగెత్తుతాడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు అంతే. కానీ మూడేళ్ళు వచ్చేసరికి వెన్ను వంగడం మొదలైంది. గుంజ లాగేసిన పందిరి మీద సొరపాదు వాలినట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది పిల్లాడి ఒళ్ళు. ఇప్పుడు రోజంతా బ్రేస్. మే నెలలో ఆ ప్లాస్టిక్ తొడుగు కింద బనీను తడిసి ముద్దయిపోతుంది, చెమట పొక్కులు, వాడి గోల, నా గోల. పెరిగేకొద్దీ రాడ్లు వేయాల్సి రావచ్చు అన్నారు. ఆపరేషన్ వద్దని నేను అనను, అది లేకపోతే ఏమయ్యేదో నాకు తెలీదు. కానీ చేసేముందు ఈ వంకర సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, ఆ కోపం మాత్రం పోలేదు.

పిల్లలవార్డు_డాక్టర్
మీ కోపం సబబే. ఎంత చిన్న వయసులో తెరిస్తే, ఎన్ని ఎక్కువ పూసలు తెరిస్తే అంత రిస్కు, ఛాతీ భాగంలోనూ మెడలోనూ ఇంకా ఎక్కువ. ఇప్పుడు వీలైన చోట ఆ ఎముకని ఒక మూతలా ఎత్తి, లోపల పని చేసి, మళ్ళీ అక్కడే పెట్టి బిగిస్తారు, లామినోటమీ అంటారు. అది పూర్తిగా తీసేయడం కన్నా నయం, అయినా వంకర రాదని గ్యారంటీ లేదు. అసలు ఆపరేషన్ చేయకపోయినా గడ్డ వల్ల, కండరాల బలహీనత వల్ల కొందరికి వంకర వస్తుంది.

ఖమ్మం_కుర్రాడు
నాది వేరే గడ్డ కానీ రాయాలనిపించింది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఎవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్, నడుం పూస నుంచి లోపలికి. రాత్రిళ్ళు నొప్పి, పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. మా ఊరి దగ్గర ఎక్స్‌రే చూసి వెన్ను టీబీ అన్నారు, ముక్క తీయకుండానే టీబీ మందులు మొదలుపెట్టారు. మూత్రం ఆరెంజ్ రంగులో వస్తుంటే మందు ఒంటికి పడుతోంది అనుకునేవాళ్ళం ఇంట్లో. ఆ మందులు మింగుతూనే కాలు తిమ్మిరెక్కి, ఒకరోజు మెట్లు దిగలేకపోయా. అప్పుడు హైదరాబాద్ తీసుకెళ్తే బయాప్సీలో తేలింది. నాకూ ముందు కీమోనే, తర్వాత రేడియేషన్. పూసలు తెరవలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నా, బైక్ నడుపుతా. టీబీ మన దగ్గర ఎక్కువే, ఒప్పుకుంటా, కానీ పిల్లల వెన్నులో ఏదున్నా ముక్క తీసి చూడకుండా నెలల తరబడి మందులు వాడించడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లలవార్డు_డాక్టర్
తమ్ముడు చెప్పింది మన రాష్ట్రాల్లో తరచూ కనపడే కథ. టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య డిస్కుని తినేస్తుంది, గడ్డలు ఎక్కువగా డిస్కుని వదిలేస్తాయి, స్కాన్‌లో ఇదొక ఆధారం, కానీ దాన్నే నమ్ముకోలేం. చిన్నపిల్లకి వెన్నునొప్పి రాత్రి నిద్రలేపుతోంటే, నడిచే పిల్ల నడక మానేస్తే, మలమూత్రాల తీరు మారితే ఎక్స్‌రేతో సరిపెట్టకుండా మొత్తం వెన్నెముకకి ఎంఆర్ఐ తీయాలి. ఎవింగ్, రాబ్డోమయోసార్కోమా, లింఫోమా, జెర్మ్ సెల్ గడ్డలు, ఇవన్నీ ఇలా వెన్నులోకి రాగలవు, ఒక్కోదానికి మందులు వేరు. అందుకే ముక్క తీయడం మీద ఇంత పట్టుబడతాం.

రేపల్లె_నాన్న
అందరికీ థాంక్స్. మానుకోట అక్క చెప్పినట్టు ఇద్దరినీ కలిపి మాట్లాడించాను. సర్జన్ గారు అంత మొండిగా ఏమీ లేరు, రోజూ రెండుపూటలా తనే వచ్చి కాళ్ళు చూస్తానన్నారు, తేడా వస్తే వెంటనే థియేటర్ అన్నారు. స్టెరాయిడ్ అయింది, కీమో మొదలైంది. కార్బోప్లాటిన్, ఎటోపోసైడ్. సెలైన్‌తో పాటు ఎక్కుతున్నాయి. పాప నిద్రపోతోంది.

తాళ్ళరేవు_పెద్దమ్మ
దేవుడు చల్లగా చూడాలి నాన్నా. మా వైపు ఇలా కాళ్ళు పట్టు తప్పితే ఆముదం రాసి మర్దన చేసి కాపడం పెడతారు, డాక్టర్ల మందు వాడుతూనే అది కూడా చేస్తే తప్పేం లేదు కదా? మంచి మనసుతోనే అడుగుతున్నా.

ఫిజియో_విశాఖ
పెద్దమ్మా, మీరు అడిగింది మంచిదే అయింది, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఎవరికీ చెప్పకుండా ఇది చేసేస్తారు. కాపడం అస్సలు వద్దు. వెన్నుపాము నొక్కుకుపోయిన పిల్లలకి కాళ్ళలో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు, వేడి తెలియదు, ఏడవరు. వేడినీళ్ళ బ్యాగు పెట్టి తొడ మీద బొబ్బలు లేచిన పిల్లల్ని చూశాను. కీమోలో కౌంట్లు (రక్తకణాల సంఖ్య) పడిపోయి ఉంటే ఆ పుండు మానదు, ఇన్ఫెక్షన్ అవుతుంది. పొట్టలోనో వీపులోనో గడ్డ ఉన్న పిల్లకి దాని మీద నొక్కి మర్దన చేయడం కూడా వద్దు.

నాన్న గారూ, మీరు చేయగలిగింది చాలా ఉంది. పాపని పక్కకి తిప్పేటప్పుడు భుజం, తుంటి కలిపి ఒకేసారి తిప్పండి, నడుం మెలిపడకుండా. చంకల్లో చేతులు పెట్టి లాగి ఎత్తొద్దు, ఒక చెయ్యి పిర్రల కింద, ఒకటి వీపు వెనక. మడమలు రోజూ చూడండి, ఎర్రబడితే పిక్క కింద పలచటి గుడ్డ మడత పెట్టి మడమ గాల్లో ఉండేలా చేయండి. చీలమండ రోజుకి కొన్నిసార్లు మెల్లగా పైకి వంచి పట్టుకోవాలి, లేకపోతే పాదం కిందికి వాలి బిగుసుకుపోతుంది. కౌంట్లు కాస్త కోలుకున్నాక పాదానికి స్ప్లింట్ గురించి మీ ఫిజియోని అడగండి. వాకర్ బండి మాత్రం కొనకండి, చుట్టాలు గిఫ్టుగా తెచ్చినా పక్కన పెట్టేయండి. అందులో పిల్లలు ముని వేళ్ళ మీద వేలాడతారు తప్ప కాళ్ళ మీద బరువు నేర్చుకోరు.

మానుకోట_అమ్మ
విరోచనం గురించి కూడా చెప్పండి మేడం. మాకు దాంతోనే సగం ప్రాణం పోయింది.

పిల్లలవార్డు_డాక్టర్
అది నేను చెబుతా. నరాల వల్ల మలబద్ధకం ఉంటుంది, విన్‌క్రిస్టిన్ లాంటి మందు ఉన్న కీమో అయితే ఇంకా బిగుస్తుంది. నోటితో ఇచ్చే లాక్టులోజ్ గానీ పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడి గానీ డాక్టర్ చెప్పిన డోసులో రోజూ ఇవ్వాలి. బిగుసుకుపోయాక వారానికోసారి ఇస్తే లాభం లేదు. కౌంట్లు తక్కువ ఉన్నప్పుడు ఎనిమా, సపోజిటరీ, తమలపాకు తొడిమ లాంటివి ఏవీ వెనక నుంచి పెట్టకూడదు, థర్మామీటర్ కూడా చంకలోనే. అక్కడ చిన్న గీత పడినా బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది.

మూత్రం ఇంకా ముఖ్యం. చిన్నపిల్లలకి డైపర్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి పోస్తోందిలే అనుకుంటారు. నిజానికి సంచి నిండిపోయి పొర్లుతూ ఉండొచ్చు. డైపర్ మార్చేటప్పుడు గమనించండి, ధారగా వస్తోందా, బొట్లుబొట్లుగా కారుతోందా? పొత్తికడుపు గట్టిగా తగులుతోందా? అనుమానం ఉంటే మూత్రం పోశాక అల్ట్రాసౌండ్ తీయించి లోపల ఎంత మిగిలిందో చూడమనండి. అలా నిండుగా ఉండిపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి, పైగా నొప్పి ఉండదు కాబట్టి తెలియదు.

ఫ్రిస్కో_పిన్ని
నమస్తే, టెక్సస్ నుంచి. మా అక్క కొడుక్కి ఇక్కడే వైద్యం జరిగింది, వాడికీ పద్దెనిమిది నెలల లోపే. మిగతా రిపోర్టులు వచ్చాయా నాన్న గారూ? ఎన్-మిక్, ఎముక మజ్జ, ఎంఐబీజీ (ఈ గడ్డ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే స్కాన్). ఇక్కడ మా డాక్టర్లు పదేపదే చెప్పింది ఏంటంటే, కాళ్ళ గండం వేరు, క్యాన్సర్ ఎంత ప్రమాదకరమైనది అనేది వేరు, రెంటినీ కలిపి చూసి బెంబేలు పడొద్దని. మా వాడికి గడ్డ వెన్నులోకి వెళ్ళింది గానీ జాతి పరంగా మెతకదే. వయసు పద్దెనిమిది నెలల లోపు, ఎన్-మిక్ మామూలుగా ఉంది, ఒంట్లో ఇంకెక్కడా లేదు. కొద్ది సైకిళ్ళ (విడతల) కీమోతో ఆపేశారు.
ఇంకోటి, వెన్ను లోపల మిగిలిన ముక్క ఇప్పటికీ ఉంది! తీయలేదు. మా అక్క మొదట్లో అది ఉందంటే నిద్రపోయేది కాదు.

సందేహాల_రావు
క్యాన్సర్ ముక్కని లోపల వదిలేశారా? ఇది మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

పిల్లలవార్డు_డాక్టర్
ఈ జబ్బులో అది మామూలే రావు గారూ. పసిపిల్లల న్యూరోబ్లాస్టోమాలో కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయి, కొన్ని పరిపక్వమై నెమ్మదించిన కణాలుగా మారి కదలకుండా ఉండిపోతాయి. తక్కువ, మధ్యస్థ రిస్కు పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా బతుకుతున్నారు, ఆ స్థితిలో చిన్న ముక్క కోసం వెన్ను తెరిచి నరాలని రిస్కులో పెట్టడం అనవసరం. ఎంఆర్ఐ, మూత్రం పరీక్షలతో కనిపెట్టి చూస్తారు. పెరిగితే అప్పుడు చూద్దాం అన్నమాట.

హై రిస్కు అయితే లెక్క మారిపోతుంది. ఎన్-మిక్ పెరిగినవాళ్ళు, పద్దెనిమిది నెలలు దాటాక ఎముకల్లోకీ మజ్జలోకీ పాకినవాళ్ళు. వాళ్ళకి గట్టి కీమో, ఆపరేషన్, స్టెమ్ సెల్ మార్పిడి, రేడియేషన్, తర్వాత ఐసోట్రెటినోయిన్, ఇమ్యునోథెరపీ. ఆ ఇమ్యునోథెరపీ మందు డైనుటుక్సిమాబ్‌కి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, మన దగ్గర చాలా కుటుంబాలకి ఆ ఖరీదు అందనిది. ఇన్ని చేసినా హై రిస్కులో సుమారు సగం మందే నిలబడుతున్నారు. అందుకే పిన్ని గారు చెప్పినట్టు మిగతా రిపోర్టులు కీలకం.

రేపల్లె_నాన్న
ఎంఐబీజీ రేపు. అయోడిన్ చుక్కలు వేయమన్నారు, థైరాయిడ్ కాపాడటానికట. పాపకి జలుబు చేసింది, ఇంట్లో ఉన్న సిరప్ వేయొచ్చా?

పిల్లలవార్డు_డాక్టర్
వేయకండి, సీసా ఫోటో మీ న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళకి పంపండి. ముక్కు దిబ్బడ తగ్గించే సిరప్‌లలో సూడోఎఫిడ్రిన్, ఫినైలెఫ్రిన్ లాంటివి ఉంటాయి, అవి గడ్డలోకి ఎంఐబీజీ చేరకుండా అడ్డుపడతాయి, స్కాన్ తప్పుగా రావచ్చు.

నల్గొండ_రాజు
ఖర్చు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. ఆరోగ్యశ్రీలో ఇవన్నీ వస్తాయా? ఎంఆర్ఐలకే మాకు అప్పులయ్యాయి.

మానుకోట_అమ్మ
కీమో, ఆపరేషన్ వస్తాయి అన్నా, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. అడ్మిట్ కాకముందు బయట తీసిన స్కాన్లకి జేబులోంచే పోయింది మాకు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఉండటానికి సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్ల గురించి సోషల్ వర్కర్‌ని అడగండి, వైద్యం జరుగుతున్న ఆసుపత్రి నుంచే పంపాలి. సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్ఓసీ (ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం) కావాలంటే ఎస్టిమేట్ కాగితం మీద డాక్టర్ సంతకం, స్టాంపు రెండూ ఉండేలా చూసుకోండి. స్టాంపు లేదని మమ్మల్ని తిప్పి పంపారు.

మోడరేటర్
ఖర్చు, పథకాల ప్రశ్నలకి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. పిల్లల స్కాన్ ఫోటోలు పెట్టేటప్పుడు పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కత్తిరించి పెట్టండి. ఇప్పటికి రెండు తీసేశాను.

రేపల్లె_నాన్న
అప్‌డేట్. ఎన్-మిక్ పెరగలేదు. మజ్జ క్లియర్. ఎంఐబీజీలో ఛాతీ గడ్డ తప్ప ఇంకెక్కడా వెలగలేదు. నాలుగు రోజుల క్రితం స్నానం చేయిస్తుంటే బకెట్‌ని కాలితో తన్నింది, మా ఆవిడ కేక పెడితే నేను ఏదో అయిందనుకుని పరుగెత్తా. ఇంకా నిలబడట్లేదు గానీ రెండు కాళ్ళూ ఎత్తుతోంది.
ఇంకో ప్రశ్న. కీమో అయ్యాక ఛాతీలో మిగిలింది తీద్దాం అంటున్నారు. దానికి మళ్ళీ కాళ్ళు పోయే రిస్కు ఉందని సంతకం పెట్టమంటారట. వెన్ను జోలికి వెళ్ళనప్పుడు కాళ్ళకి రిస్కు ఏంటి?

పిల్లలవార్డు_డాక్టర్
బకెట్ తన్నిందంటే మంచి కబురు. రిస్కు ఎందుకంటే, వెన్నుపాము కింది భాగానికి రక్తం ఇచ్చే ముఖ్యమైన ధమని ఒకటుంది, ఆడమ్‌కీవిచ్ ధమని అంటారు. ఎక్కువమందిలో అది ఎడమ వైపు నుంచే, ఛాతీ చివరి పూసల దగ్గరే లోపలికి వెళ్తుంది. మీ పాప గడ్డ కూర్చున్నది సరిగ్గా ఆ ప్రాంతంలో. అది దెబ్బతింటే వెన్నుపాముకి రక్తం ఆగిపోతుంది. అందుకే పక్కటెముకలు పూసల్ని కలిసే చోట ఉన్న గడ్డని ముందే రిస్కు కింద లెక్కేస్తారు, వెన్నెముక కాలువలో మూడో వంతుకి మించి గడ్డ నిండితే అది కూడా అదే లెక్కలోకి వస్తుంది. పూసల సందులో ఉన్న ముక్కని సర్జన్ లాగి తీయరు, బయట ఉన్నది తీసి అక్కడితో వదిలేయడం మంచి పద్ధతే. అసలు ఆపరేషన్ అవసరమా అని కూడా అడగండి. మీ పాప రిస్కు గ్రూపులో బాగా కుంచించుకుపోయిన గడ్డని కొన్నిసార్లు తీయకుండా చూస్తూ ఊరుకుంటారు.

ఫిజియో_విశాఖ
ఆపరేషన్ జరిగినా జరగకపోయినా వెన్ను ఎక్స్‌రే మాత్రం ఎదుగుదల ఆగేదాకా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి తీయించాలి. పిల్లలు గబగబా పొడుగయ్యే పదీ పదిహేనేళ్ళ మధ్య వంకర ఉన్నట్టుండి పెరుగుతుంది, అప్పటికి ఇంట్లోవాళ్ళు ఈ జబ్బునే మర్చిపోయి ఉంటారు. సుమారు ఇరవై అయిదు డిగ్రీలు దాటితే బ్రేస్ మాట వస్తుంది.

నిజామాబాద్_తల్లి
కొత్తగా చేరాను, చర్చ మొత్తం చదివాను. మా పాపకి వైద్యం అయిపోయి మూడేళ్ళు, బాగా నడుస్తుంది, కానీ మూత్రం తనంతట తను పోయలేదు. నాలుగు గంటలకోసారి నేను గొట్టం పెట్టి తీస్తా. జూన్‌లో స్కూల్లో చేర్చాలి. వాళ్ళకి ఎలా చెప్పాలి, ఎవరు చేస్తారు? చెబితే సీటు ఇవ్వరేమోనని భయంగా ఉంది.

మానుకోట_అమ్మ
అక్కా, మా వాడికీ అదే. మాకు మొదట అడిగిన స్కూలు వాళ్ళు మా వల్ల కాదు అనేశారు, రెండో చోట ఒప్పుకున్నారు. ప్రిన్సిపాల్‌కి, క్లాస్ టీచర్‌కి, ఆయమ్మకి, ముగ్గురికే చెప్పా. డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి, ఇది అంటుకునే జబ్బు కాదు, ఈ టైంకి బాత్రూమ్‌కి పంపాలి, నీళ్ళు తాగనివ్వాలి అని. మొదటి ఏడాది నేనే మధ్యాహ్నం బెల్లుకి వెళ్ళి చేసొచ్చేదాన్ని. తర్వాత వాడికే నేర్పించాం, ఆరేళ్ళు దాటాక మగపిల్లలు తొందరగానే నేర్చుకుంటారు, ఆడపిల్లలకి మొదట్లో చిన్న అద్దం పెట్టి చూపిస్తారట, మీ యూరాలజీ నర్సుని అడగండి. బ్యాగులో ఒక జిప్ పౌచ్ పెట్టండి, అందులో గొట్టాలు, జెల్లీ, తడి టిష్యూలు, ఒక జత బట్టలు. ఇంకొక జత టీచర్ బీరువాలో. పెద్ద సైజు గొట్టం అయితే త్వరగా అయిపోతుందని షాపువాడు అంటాడు, వినకండి, డాక్టర్ రాసిన నంబరే తీసుకోండి.

పిల్లలవార్డు_డాక్టర్
ఏడాదికోసారి కిడ్నీ స్కాన్, అవసరమైతే మూత్రసంచి పనితీరు చూసే యూరోడైనమిక్ పరీక్ష కూడా తల్లీ. మధ్యలో జ్వరం వచ్చి మూత్రం వాసన వస్తే యాంటీబయాటిక్ వేసేముందే కల్చర్‌కి ఇవ్వండి. గొట్టం వాడేవాళ్ళ మూత్రంలో బ్యాక్టీరియా ఎప్పుడూ ఎంతోకొంత కనపడుతుంది, జ్వరం లేకుండా రిపోర్టు ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టించుకోవద్దు.

నిజామాబాద్_తల్లి
ఆ ఉత్తరం ఇంగ్లిష్‌లోనా తెలుగులోనా రాయించాలి అక్కా?

మానుకోట_అమ్మ
రెండూ. ప్రిన్సిపాల్‌కి ఇంగ్లిష్‌ది, ఆయమ్మకి తెలుగుది. మా దగ్గరున్నది పేరు తీసేసి రేపు ఇక్కడ పెడతా.